జోకొట్టే చెయ్యి

నాంచారి కుడిచేతి చిటికెనవేలు తొలిసారి తెల్లబడ్డ రోజున ఇంట్లో అందరూ నవ్వారు. పొద్దున్నే పంపు కింద పాలగిన్నె తోమి లోపలికి వచ్చేసరికి వేలు సున్నంలో ముంచినట్టు ఉంది. గిల్లినా తెలియడం లేదు.

"పెదనలో పుట్టినవాళ్లకి వేళ్లకి రంగు అంటుతుంది. మా కోడలికి ఉన్న రంగు కూడా ఊడిపోతోంది" అంది అత్తగారు సౌభాగ్యం.

"నాలుగు దెబ్బలు అద్దకం బల్ల మీద వేస్తే అదే వస్తుందిలే" అన్నాడు మొగుడు ఏడుకొండలు, బీడీ వెలిగించుకుంటూ.

నిజంగానే వచ్చింది. బల్ల దగ్గర కాసేపు పని చేసేసరికి వేలు మళ్లీ ఎర్రబడింది. నాంచారి కూడా నవ్వేసి ఊరుకుంది.

ఊళ్లో ఆటోలు డ్రైవరు లేకుండా వాటంతటవే తిరుగుతున్న కాలమది. ఆకాశంలోంచి కూరగాయలు దిగుతున్నాయి. అయినా పెదనలో అద్దకం మాత్రం తాతల నాటి లాగే సాగుతోంది. పరిచిన గుడ్డ మీద చెక్క అచ్చు పెట్టి, చిటికెనవేలి కిందుండే అరచేతి అంచుతో దాని వీపు మీద ఒక్క గుద్దు గుద్దాలి. ఆ గుద్దు బలంగా పడితే రంగు చెదురుతుంది, మెత్తగా పడితే పువ్వుకి రేకులు సగమే విచ్చుకుంటాయి. ఎన్ని యంత్రాలు తెచ్చినా వాటికి ఆ గుద్దు మాత్రం ఎవరూ నేర్పలేకపోయారు. నాంచారి గుద్దితే అంచు మీద తీగ ఎక్కడ మొదలైందో, ఎక్కడ అతికిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాటి నుంచి ఆమె చదివిందీ రాసిందీ ఆ బల్ల మీదే.

చలికాలం వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. చిటికెనవేలికి ఉంగరపు వేలు తోడైంది. తెల్లబడ్డం, నీలంగా మారడం, ఆ తర్వాత సూదులు గుచ్చినట్టు సలపరం. ఒకరోజు చిటికెనవేలి కొసన నల్లగా మిరియపు గింజంత మచ్చ కనిపించింది. ఊళ్లో మందులిచ్చే ఆయన నరాల బలహీనత అని సూది వేశాడు. పక్కింటావిడ దిష్టి అని తాడు కట్టింది. మచ్చ మాత్రం పెరుగుతూనే ఉంది.

నాంచారిని ఆ మచ్చ కంటే ఎక్కువ భయపెట్టింది వేరే సంగతి. ఏడాది దాటిన కూతురికి కాగితాల్లో ధన్విక అని పేరు పెట్టారు గానీ ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఒక మధ్యాహ్నం పిచ్చుకని ఎత్తుకుంటే కుడిచెయ్యి మొద్దుబారి పట్టు వదిలేసింది. పిల్ల జారి, ఆమె మోకాళ్ల మీద పడి, అదేదో ఆటనుకుని కిలకిలమంది. నాంచారి మాత్రం ఆ రోజంతా అన్నం ముట్టలేదు. 'మోకాళ్లు అడ్డం రాకపోయి ఉంటే?' అన్న ఒక్క మాటే లోపల తిరగలిలా తిరిగింది.

విజయవాడ నుంచి రక్తనాళాల పరిశోధనశాల వాళ్ల బండి వచ్చి అద్దకం సొసైటీ షెడ్డు ముందు ఆగింది సరిగ్గా ఆ వారమే.

బండిలో డాక్టరు రజియా ఉంది. నలభై దాటిన మనిషి, గుంటూరు మాట, గట్టి నవ్వు. నాంచారి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, "పిడికిలి గట్టిగా బిగించమ్మా, నీ అత్తగారి మీద కోపం వచ్చినట్టు" అంది.

"ఆ మాత్రం కోపం దానికి రోజూ వస్తుందిలెండి" అంది పక్కనే నిలబడ్డ సౌభాగ్యం.

పిడికిలి బిగించగానే డాక్టరు మణికట్టు దగ్గర రెండు పక్కలా రెండు బొటనవేళ్లతో నొక్కి పట్టింది. పిడికిలి విప్పమంది. అరచెయ్యి పాలిపోయి ఉంది. బొటనవేలి వైపు నొక్కు వదిలింది. చేతిలోకి ఎరుపు పాకింది గానీ చిటికెన, ఉంగరపు వేళ్ల దాకా పోలేదు. మళ్లీ రెండు పక్కలా నొక్కి, ఈసారి చిటికెనవేలి వైపు వదిలింది. చెయ్యి తెల్లగా అలాగే ఉండిపోయింది. డాక్టరు ముఖంలో నవ్వు తగ్గింది.

"చేతికి రెండు కాలవల నీళ్లమ్మా. ఒకటి పారుతోంది. రెండోది పూడిపోయింది. నీ రెండు వేళ్లూ శివారు పొలాలు."

ఆ తర్వాత ఆమె ఒక పల్చటి తొడుగు తీసి నాంచారి చేతికి తొడిగింది. ఆ తొడుగే వాళ్లు కనిపెట్టిన మొదటి వింత. లోపల నెత్తురు ఎక్కడ పారుతుంటే తొడుగు మీద అక్కడ ఎర్రటి వెలుగు పారుతుంది. నాంచారి చెయ్యి మీద కాలవలూ పిల్లకాలవలూ మెరిశాయి. చిటికెనవేలి కింద, అచ్చును గుద్దే చోటనే, వెలుగు ఉబ్బి ఒక బుడగలా నిలిచిపోయింది. దాని అవతల రెండు వేళ్లూ చీకటి.

"రోజూ గుద్దీ గుద్దీ ఇక్కడ నాళం గోడ దెబ్బతింది. ఉబ్బింది. ఉబ్బులో నెత్తురు గడ్డలు కట్టి, ఒక్కొక్క ముక్కా విరిగి వేళ్లలోకి పోయి అడ్డం పడుతున్నాయి" అంది డాక్టరు.

"మందుంటుందా అమ్మా?" అంది సౌభాగ్యం.

"వేళ్లు చావకుండా ఉండాలంటే గడ్డలు పోవాలి, గోడ బాగవ్వాలి. ఇంత సన్నటి చోట కత్తి పెడితే ఒక్కోసారి నిలుస్తుంది, ఒక్కోసారి నిలవదు. ఇలాగే వదిలేస్తే మాత్రం ఆ రెండు వేళ్లూ తీసెయ్యాల్సి వస్తుంది." కాస్త ఆగి, "మా దగ్గర కొత్త పద్ధతి ఒకటుంది. ఇప్పటికి కొద్దిమందికే చేశాం. ఇష్టమైతేనే రా" అంది.

నాంచారి అడిగింది ఒక్కటే. "పిల్లని ఎత్తుకోగలనా?"

"ఎత్తుకోవాలనే కదా ఇదంతా."

విజయవాడ పరిశోధనశాలలో రెండో వింతను చూపించినవాడు ఫణీంద్ర. చిన్న వయసు, చెదిరిన జుట్టు, ఎవరు కనిపించినా తన యంత్రం గురించి చెప్పకుండా ఉండలేని మనిషి. నాంచారి నెత్తురు చుక్కల్లోంచే వాళ్లు కంటికి ఆనని ఈత పురుగులను పెంచారు. వాటికి ఫణి పెట్టిన పేరు చాలా పొడుగు. నాంచారి ఆ పేరు రెండుసార్లు విని, మూడోసారి "రొయ్యపిల్లలు" అంది. ఆ రోజు నుంచి పరిశోధనశాలలో అందరికీ అవి రొయ్యపిల్లలే.

"అక్కా, మీ వైపు చేపల చెరువుల్లో మేత పడవ చప్పుడు వినపడితే చేపలు చేరతాయి కదా? ఇదీ అంతే" అన్నాడు ఫణి. ఆమె మణికట్టుకి ఒక కడియం తొడిగాడు. కడియం లోపల చిన్న చిన్న సుత్తులున్నాయి. అవి టక్, టక్, టకటక్ అని ఒక వరసలో తడతాయి. తట్టిన చోటికల్లా చర్మం లోంచి చిటికెడు చక్కెర దిగుతుంది. సూదితో చేతిలోకి ఎక్కించిన రొయ్యపిల్లలు ఆ తట్టు వెంట వెళ్లి, దారిలో గడ్డలు కొరికి, గోడకి మెత్తుకుంటూ పోతాయి. తట్టు ఎటు జరిగితే అవీ అటే.

మొదటి విడతలో అంతా సాఫీగా సాగింది. తొడుగు మీద ఉబ్బు చుట్టూ వెలుగు చక్కబడడం నాంచారి తన కళ్లతో చూసింది. రొయ్యపిల్లల్ని చేతిలోనే ఉంచి, వాటిని వేళ్ల దాకా తోలడం రెండో విడతకి వదిలి, డాక్టరు ఆమెను ఇంటికి పంపుతూ గట్టిగా చెప్పింది. అచ్చు గుద్దకూడదు. చన్నీళ్లు ముట్టకూడదు. పచ్చడి నూరకూడదు, తలుపు కొట్టకూడదు, చప్పట్లు కూడా వద్దు. ఇంట్లో పొగ అసలే వద్దు.

ఏడుకొండలు బీడీకట్ట తీసుకెళ్లి కాలవలో వేసి వచ్చాడు. మళ్లీ కొనుక్కుంటాడేమోనని సౌభాగ్యం వీధి కొట్లన్నిటికీ చెప్పి వచ్చింది. నాంచారి గిన్నె మీద చెయ్యి వేస్తే చాలు, మూడిళ్ల అవతల నుంచి కూడా "ఏయ్, చెయ్యి!" అని కేకలు వచ్చేవి. అన్నం కూడా కలిపి పెట్టేవాళ్లు. పెళ్లికూతురిగా ఉన్నప్పుడు కూడా ఆమెకి ఇంత మర్యాద జరగలేదు.

మధ్యాహ్నం మాత్రం పిచ్చుకని పక్కలో వేసుకుని, వీపు మీద కుడిచేత్తో జోకొట్టేది. దాన్ని ఎవరు దెబ్బ అంటారు? ఎవరికీ తట్టలేదు. తల్లి పిల్లని జోకొట్టడం ఊపిరి పీల్చుకోవడం లాంటిది. చేస్తున్నట్టు చేసేవాళ్లకే తెలియదు.

రెండో విడత రోజున కడియం తట్టడం మొదలుపెట్టింది. తొడుగు మీద ఏమీ కదల్లేదు.

ఫణి తట్టు పెంచాడు. వరస మార్చాడు. చక్కెర ఎక్కువ దింపాడు. తెర మీద పెద్దది చేసి చూస్తే రొయ్యపిల్లలన్నీ అరచేతి అంచున ఒకేచోట గుంపుగా ఉన్నాయి, విందు అయిపోయినా విస్తళ్ల ముందు నుంచి లేవని బంధువుల్లా.

"ఇవి నా తట్టు మరిచిపోయాయి మేడమ్" అన్నాడు ఫణి నీరసంగా. "ఇంకేదో తట్టుకి అలవాటు పడ్డాయి. అక్కా, నిజం చెప్పండి, అచ్చు గుద్దారా?"

"నా బిడ్డ మీద ఒట్టు. బల్ల వైపే పోలేదు."

డాక్టరు రజియా కళ్లజోడు సర్దుకుంది. తెర వైపే చూస్తోంది. నాంచారి ఆమె వైపు తిరిగింది. "ఏమవుద్ది డాక్టరమ్మా?"

"దాచనమ్మా. మేత లేకుండా ఒకేచోట ఉండిపోతే ఇవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. సాయంత్రానికి గట్టిపడతాయి. అప్పుడు ఉన్న దారి కూడా మూసుకుపోద్ది."

నాంచారి తన రెండు వేళ్లనూ చూసుకుంది. అప్పటికే అవి మైనపు వేళ్లలా ఉన్నాయి.

అప్పుడే ఫోను మోగింది. తెర మీద సౌభాగ్యం, ఆమె చంకలో ఎర్రగా ఏడ్చి ఏడ్చి ఉన్న పిచ్చుక. "ఇదిగోనే నీ కూతురు! పొద్దుటి నుంచీ కన్ను మూయలేదు. నేను జోకొడితే నా చెయ్యి తోసేస్తోంది. దీనికి నా చెయ్యి మొరటంట!"

"అమ్మా... పిచ్చీ... ఓ... ఓ... ఓ..." అంటూ నాంచారి ఫోను వైపు వంగింది. ఆమెకి తెలియకుండానే కుడిచెయ్యి పక్కనున్న దిండు మీద పడింది. తట్టింది. మళ్లీ తట్టింది.

"ఆగు!" అని అరిచింది డాక్టరు. "కాదు, ఆగొద్దు! ఆగొద్దమ్మా, తట్టు!"

తొడుగు మీద గుంపు కదిలింది. ఎర్రటి వెలుగు ఉంగరపు వేలి మొదటి కణుపు దాకా పాకి, మళ్లీ వెనక్కి జారింది.

అందరికీ ఒక్కసారే అర్థమైంది. జోకొట్టినప్పుడల్లా అరచేతిలోకి వెచ్చటి నెత్తురు పొంగుతుంది. ఆ పొంగులో మేత ఉంటుంది. రొయ్యపిల్లలు కడియాన్ని వదిలేసి ఆ చేతి తట్టును నేర్చేసుకున్నాయి. ఫణి ఆమె తట్టును పట్టి కడియంలోకి ఎక్కించి మోగించాడు. అవి కదల్లేదు. నాంచారి మళ్లీ దిండును జోకొట్టింది. కొంచెం కదిలి ఆగిపోయాయి.

"ఏంటి తేడా?" అన్నాడు ఫణి జుట్టు పీక్కుంటూ. "చెయ్యి అదే, తట్టూ అదే!"

"దిండు ఊపిరి తియ్యదుగా" అంది నాంచారి. "పిచ్చుక అయితే... అది కదిల్తే నా చెయ్యి గబగబా పోద్ది. అది నిద్రలోకి జారేకొద్దీ నెమ్మదిస్తది. నేను చెయ్యను, చెయ్యే చేస్తది."

డాక్టరు ఫోను లాక్కుంది. "అమ్మా సౌభాగ్యంగారూ, పిల్లని తీసుకుని బండెక్కండి. ఇప్పుడే!"

"మేడమ్, చికిత్స గదిలోకి పిల్లలు రాకూడదని రూలు" అని గుర్తు చేశాడు ఫణి.

"ఆ రూలు రాసింది నేనే. చెరిపేసేదీ నేనే."

బందరు రోడ్డు మీద డ్రైవరు లేని బండి ఎంత వేగంగా పోవాలో అంతే పోతుంది. ఏడుకొండలు దారి పొడుగునా దానిని బతిమాలాడు, తిట్టాడు, దాని తలుపు మీద కొట్టాడు. అది మాత్రం ప్రతి మలుపులోనూ మర్యాదగా హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఎండ వాలుతుండగా పరిశోధనశాల ముందు ఆగింది.

సౌభాగ్యం చంకలో పిచ్చుకతో గదిలోకి వచ్చింది. అందరూ పిల్ల ముఖంలోకి చూశారు. పిచ్చుక కళ్లు చేపపిల్లల్లా తళతళలాడుతున్నాయి.

"దారంతా నిద్రపోయింది" అంది సౌభాగ్యం తప్పు చేసినదానిలా. "బండి ఊపుకి... ఎంత లేపినా లేవలేదు. ఇక్కడ ఆగగానే లేచి కూర్చుంది."

ఫణి కుర్చీలో కూలబడ్డాడు. డాక్టరు రజియాకి ఎందుకో నవ్వు ఆగలేదు.

తర్వాతి గంట ఆ పరిశోధనశాల ఎన్నడూ చూడనిది. మేధావులంతా కలిసి ఒక పిల్లని నిద్రపుచ్చడానికి కూర్చున్నారు. దీపాలు తగ్గించారు. యంత్రాల చప్పుళ్లు ఆపారు. ఫణి తన కోటు తీసి పిల్ల మీద వెలుగు పడకుండా అడ్డం కట్టాడు. పిచ్చుకకి అమ్మ చేతి మీద ఎర్రగా మెరిసే తొడుగు పెద్ద బొమ్మలా కనిపించింది. దాన్ని పట్టుకుని నాకింది, కొరికింది, డాక్టరు కళ్లజోడు లాగింది, ఫణి ముక్కు పట్టుకుని కిలకిలమంది. నాంచారి జోకొడుతూనే ఉంది. కళ్లు మాత్రం పిల్ల మీద లేవు, తెర మీద ఉన్నాయి. వెలుగు కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. బయట ఎండ పచ్చబడుతోంది.

"ఏమే" అంది సౌభాగ్యం నెమ్మదిగా. "నువ్వు దాన్ని నిద్రపుచ్చట్లేదు. తొందరపెడుతున్నావు. నీ చెయ్యి వణుకుతోంది. అది నీ వణుకుతో ఆడుకుంటోంది."

"భయమేస్తోంది అత్తయ్యా."

"వేస్తది మరి. ఎప్పుడు వెయ్యలేదు నీకు? అది తుమ్మినా భయమే, తుమ్మకపోయినా భయమే. అలా భయపడుతూనే రోజూ నిద్రపుచ్చావుగా."

నాంచారికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటు లోపల ఏదో ముడి సడలింది. "ఆ తెర ఆపెయ్యండి డాక్టరమ్మా" అంది. "నాకు కనిపించొద్దు. ఏమవుతోందో చెప్పనూ వద్దు."

తెర ఆరిపోయింది. నాంచారి పిల్లని తన వైపు తిప్పుకుని పడుకుంది. వేళ్లు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి, ఇప్పుడు మాత్రం పిల్ల పడుకోవాలి అనుకుంది. రోజూ చెప్పే కబుర్లే చెవిలో చెప్పింది. గుడ్డ మీద నెమలి ఎండలో పడుకుందట. దాని తోక ఇంకా ఆరలేదట. ఆరేదాకా లేవకూడదట. పిచ్చుక కాసేపు కాళ్లు తన్నింది. బొటనవేలు నోట్లో పెట్టుకుంది. ఒక పెద్ద ఆవలింత. నాంచారి చెయ్యి దానంతటదే నెమ్మదించింది. పిల్ల ఊపిరి పొడుగైంది. చెయ్యి ఇంకా నెమ్మదించింది.

ఆమె వేలి కొసన ఏదో మండింది. చలిలోంచి వచ్చి పొయ్యి ముందు చెయ్యి పెట్టినట్టు ముందు చురుక్కుమని, తర్వాత భగ్గుమంది. నెలల తర్వాత ఆ వేలిలో ఆమెకి ఏదో తెలుస్తోంది. అరుపు గొంతు దాకా వచ్చింది. పెదవి కొరుక్కుని మింగేసింది. "మండుతోంది" అంది గుసగుసగా.

"మండనీ! మండనీ తల్లీ!" అని గుసగుసలోనే కేక పెట్టింది డాక్టరు రజియా.

తొడుగు మీద రెండు వేళ్లూ వెలిగాయి. చిటికెనవేలి కొస నల్లమచ్చ చుట్టూ కూడా సన్నటి ఎర్రటి గీత తిరిగింది. ఇక అప్పుడు చూడాలి ఆ గదిని. ఎవరి నోటా మాట రాకూడదు, ఎవరి కాలూ చప్పుడు చెయ్యకూడదు. ఫణి తన చొక్కా కొస నోట్లో కుక్కుకుని ఒంటికాలి మీద గిరగిరా తిరిగాడు. డాక్టరు, సౌభాగ్యం ఒకరినొకరు కౌగిలించుకుని ఊగిపోయారు. గాజు తలుపు అవతల నిలబడ్డ ఏడుకొండలుకి మాత్రం నోరు నొక్కుకుని కన్నీళ్లు పెట్టుకుంటున్న మనుషులు కనిపించారు. అంతా అయిపోయిందనుకుని అక్కడే చతికిలబడి ఏడవడం మొదలుపెట్టాడు. సౌభాగ్యం పిల్లిలా నడిచి వెళ్లి కొడుకు నెత్తిన ఒక్కటి మొట్టి, లోపలికి లాక్కొచ్చి వేళ్లు చూపించింది. వాడు మరింత ఏడ్చాడు, చప్పుడు లేకుండా.

అందరూ కాస్త కుదుటపడ్డాక డాక్టరు నాంచారి చెవి దగ్గర కూర్చుంది. "వేళ్లు నిలిచాయి. మచ్చ పొరలా రాలిపోద్ది. కానీ ఒక మాట. ఆ గోడ కొత్తది. మళ్లీ దెబ్బ తట్టుకోలేదు. అచ్చు గుద్దడం ఇక జన్మలో కుదరదమ్మా."

 నాంచారికి తన బల్ల, ఎక్కడ అతికిందో తెలియని తన తీగ, చేతి కింద చెక్క పలికే ఆ పలుకు కళ్ల ముందు తిరిగాయి. కంటి కొసల నుంచి నీళ్లు దిండు మీదికి జారాయి. చెయ్యి మాత్రం జోకొట్టడం ఆపలేదు.

"నా గుద్దు ఇంకెవరికైనా నేర్పుతాను" అంది చివరికి. "ఇప్పటిదాకా నేర్పమని ఎవరడిగినా తిట్టాను. మా ఆయన్ని కూడా."

"నా చెయ్యి మొరటుగా" అన్నాడు ఏడుకొండలు ముక్కు తుడుచుకుంటూ.

"మొరటే. తిట్టే నేర్పుతాలే."

ఫణి తన కడియాన్ని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ల కష్టం అది. "మేడమ్, అయితే వచ్చే ప్రతి మనిషికీ ఒక్కో తట్టు వెతకాలన్నమాట. ఇది ఎవరికీ పనికిరాదు."

"పనికొస్తుంది నాయనా" అంది డాక్టరు. "దాని చేత తట్టడం మాన్పించి వినడం నేర్పు."

ఫణి కడియాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపటికి వాడి కళ్లు మళ్లీ మెరవడం మొదలుపెట్టాయి.

అప్పుడు సౌభాగ్యం కొంగు కింద నుంచి తన కుడిచెయ్యి మెల్లగా బయటికి తీసి డాక్టరు ముందు చాచింది. ఆ చిటికెనవేలు కూడా పాలిపోయి ఉంది. "ముప్పై ఏళ్లు గుద్దానమ్మా నేను కూడా" అంది. "చెప్తే కోడలు భయపడుద్దని చెప్పలేదు."

నాంచారి పడుకున్న చోటు నుంచే ఎడమచెయ్యి చాచి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "పిచ్చుక మీ చెయ్యి తోసేస్తదిగా అత్తయ్యా. రేపు మీ వైద్యానికి జోకొట్టాలంటే ముందు దాంతో రాజీ చేసుకోండి."

సౌభాగ్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

కిటికీలోంచి వాలిన ఎండ నేల మీద సాగింది. ఎవరూ కదల్లేదు. ఎవరి గొంతులోని కేక వాళ్ల గొంతులోనే ఉంది, పొంగే పాల మీద మూత పెట్టినట్టు. అందరూ ఒక్క చిన్న ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.

పిచ్చుక ఒళ్లు విరుచుకుంది. ముఖం చిట్లించింది. ఒక కన్ను తెరిచింది, రెండోది తెరిచింది.

"లేచింది!" అని డాక్టరు రజియా అరిచేసరికి గది గదంతా ఒక్కసారి కేక పెట్టింది. కుర్చీలు పడ్డాయి. ఏడుకొండలు ఫణిని ఎత్తి గిరగిరా తిప్పాడు. మిగతా గదుల వాళ్లు ఏం మునిగిందోనని పరుగెత్తుకొచ్చి, ఏమిటో తెలియకుండానే చప్పట్లు మొదలుపెట్టారు. పిచ్చుక అదిరిపడి అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక ఒక క్షణం పెదవి వణికించింది. ఆ తర్వాత రెండు చేతులూ ఎత్తి, అందరికంటే గట్టిగా, తను కూడా కేక పెట్టింది.